వట్టి కాళ్ళు

(సత్తెనపల్లి. పత్తి తీసే రోజులు. పొద్దున్నే కూలికి బయల్దేరబోతున్న సంతోషకుమారి వాకిట్లో, ఆమె ఇదివరకు పనిచేసిన ఇంటి ఇల్లాలు సుబ్బరావమ్మ నిలబడి ఉంది.)

"కూర్చోమంటున్నాగా అమ్మగారూ. మంచం శుభ్రంగానే ఉంది."

"వద్దులే సంతోషం. నిలబడే చెబుతా. రెండు ముక్కలే."

"చెప్పండి మరి. ట్రాక్టరు వచ్చిద్ది, పత్తికి పోవాలి."

"పత్తికెందుకే? మనింటికి రా. ఇప్పుడొచ్చే మనిషి తోమితే గిన్నెలకి జిడ్డే వదలట్లా."

"ఫిట్సు మనిషిని మళ్ళా ఎందుకు పెట్టుకుంటారమ్మా? మీ ఇంట్లో పడి చస్తే?"

"అబ్బా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"మరెప్పుడు? మీరన్న ఆ ఒక్క మాటకి జానీబీగారు మానిపించారు, టీచరమ్మగారు మానిపించారు. వీధి వీధంతా 'సంతోషానికి మూర్ఛ' అంటన్నారు. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి రోగం పోవాలని ప్రార్థన చేశారు. ఆఖరికి నాకే అనుమానమొచ్చిందమ్మా, నిజంగా ఉందేమోనని."

"నీకేం లేదే."

"నాకేం లేదని నాకు తెలుసు. మీ ఫ్రిజ్జు షాకు కొట్టింది. లాగి కొట్టిందని ఆ రోజే చెప్పా."

"చెప్పావు."

"గిన్నెడు పాలు నేలపాలు చేశావని అరిచారు గానీ, ఏమే, దెబ్బేమన్నా తగిలిందా అని అడిగారా?"

"అడగలేదు. తప్పే."

"అమ్మో! మీ నోట తప్పన్న మాటా! ముందు ఏం జరిగిందో చెప్పండి."

"ఏం జరగలేదు."

"ఏం జరక్కపోతే మా పేట దాకా వస్తారా?"

"స్వామి వెళ్ళమన్నారు."

"ఏ స్వామి?"

"మా ఆయనేలే. అయ్యప్ప మాల వేసుకున్నారుగా. మాల తీసేదాకా స్వామీ అనే పిలవాలి."

"ఓహో, అయ్యగారు పంపారా. ఏం చెప్పి రమ్మన్నారు?"

"అదే... నీతో మాట్లాడి రమ్మన్నారు."

"మాట్లాడండి మరి."

"నిన్న పొద్దున చన్నీళ్ళ స్నానం చేసొచ్చి, పాలకని ఫ్రిజ్జు తలుపు పట్టుకున్నారు."

"ఆఁ?"

"పట్టుకున్నారు. అంతే."

"కొట్టిందా?"

"అదీ..."

"కొట్టిందా లేదా అమ్మగారూ?"

"కొట్టింది. అమాంతం గోడకి పోయి పడ్డారు. మోచెయ్యి ఇంత లావున వాచింది."

"అయ్యో! ఇన్నేళ్ళూ అయ్యగారిని కొట్టంది నిన్ననే ఎందుకు కొట్టింది?"

"మాలలో చెప్పులేసుకోరుగా. వట్టి కాళ్ళు. పైగా తడి."

"నాలాగా."

"నీలాగే."

"అయ్యగారికి కూడా ఫిట్సేమో, చూపించండమ్మా."

"చంపమాకే నన్ను. ఇప్పటికే సిగ్గుతో చస్తున్నా. కరెంటాయన్ని పిలిపించాం. టెస్టరు ఎక్కడ పెట్టినా లైటు వెలిగింది. లోపల వైరు తొడుగు చిట్లి రేకుకి తగులుతోందంట. ప్లగ్గుకి మూడు కాళ్ళున్నాయి గానీ గోడలో మూడోదానికి ఎర్తు వైరే లేదంట. వైరు మార్చి, సాయంత్రానికల్లా పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తు వేశాడు. ఇంక భయంలేదు."

"సాయంత్రానికల్లా! నాకు కొడితే ఫిట్సు, అయ్యగారికి కొడితే కరెంటాయనా?"

"అందుకేగా వచ్చా."

"మా వాకిట్లోకి వస్తే చాలదు. జానీబీగారింటికీ టీచరమ్మగారింటికీ నాతో రండి. సంతోషానికి రోగం లేదు, రోగమంతా మా ఫ్రిజ్జుకేనని మీ నోటితో చెప్పండి. అప్పుడొస్తా పనిలోకి."

"చెబుతానే. ఎందుకు చెప్పను? మాకూ ఇప్పుడే తెలిసింది, పాపం దాన్ని అనవసరంగా అన్నామని..."

"ఇప్పుడే తెలిసిందా?"

"ఆఁ. నిన్ననే."

"మరి నా మొహం చూసి చెప్పరేం?"

"చూస్తూనే ఉన్నాగా."

"ఎక్కడ? నా కాళ్ళ వంక చూస్తన్నారు."

"ఊరుకోవే."

"ఇంట్లో కూడా చెప్పులేంటమ్మగారూ అని ఒకసారి అడిగా, గుర్తుందా? మార్టూరు నుంచి తెచ్చి పరిచిన నల్లరాయి, చల్లదనానికి మోకాళ్ళు లాగుతున్నాయన్నారు."

"అన్నాను."

"నావీ లాగుతున్నాయి, పాతజత ఏదన్నా ఉంటే ఇవ్వమన్నా. పనిమనిషి ఇంట్లో చెప్పులతో తిరగడమేంటని కేకలేశారు."

"అన్నాను సంతోషం. అదీ అన్నాను."

"మరి చినబాబు బడికెళ్ళే పిల్లోడు. వంటింట్లోకి వస్తే చాలు, చెప్పులేవిరా అని వెంటపడతారు. ఆ బాబుకి కూడా మోకాళ్ళ నొప్పులేనా?"

"ట్రాక్టరు వస్తుందన్నావుగా..."

"రానీండి. పోతే పోయిద్ది. అయ్యగారు ఏం చెప్పి రమ్మన్నారమ్మా?"

"మెడలో మాల పెట్టుకుని ఈ అబద్ధం మొయ్యలేనన్నారు. నువ్వే వెళ్ళి దానికి చెప్పు అన్నారు."

"చెప్పండి. ఆ చెప్పులు ఎప్పుడు కొన్నారు?"

"ఫ్రిజ్జు వచ్చిన కొత్తల్లో. మొదట నాకే చురుక్కుమంది. ఎర్తు వేయించుకోండి, అందాకా వట్టి కాళ్ళతో ఎవరూ ముట్టుకోవద్దని ఆనాడే చెప్పాడు కరెంటాయన. ఆ సాయంత్రమే బజారుకెళ్ళి తలా ఒక జత కొనుక్కొచ్చా... మా ఇంట్లో వాళ్ళందరికీ."