తప్పు పక్కన తన పేరు రాసుకున్న సర్వేయరు: శ్రీ మాల్కం కినైర్డ్ గారి ఇరవై ఎనిమిదేళ్ళ సేవ

1864 మార్చి 7, సోమవారం నాడు బ్లాక్‌థార్న్ గల్లీ గనుల కార్యాలయంలో సహాయ సర్వేయరుగా చేరిన శ్రీ మాల్కం కినైర్డ్ గారు, ఇరవై ఎనిమిదేళ్ళకు పైబడిన సేవ ముగించుకుని, ఈ జూన్ నెలాఖరున జిల్లా గనుల రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం నన్నే రాయమని కార్యాలయం వారు కోరారు. నేను రాయకూడదని అన్నవారూ ఊళ్ళో ఉన్నారు. వారి అభిప్రాయానికి కారణం ఉంది. కినైర్డ్ గారి పటాన్ని నమ్మి మా తమ్ముడు సైలస్ ప్రాణం పోగొట్టుకున్నాడు. కినైర్డ్ గారు నోరు విప్పినందువల్లనే సైలస్ పేరు మీద మచ్చ పడలేదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి విడిచిపెట్టినా ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఆయన చేరిన ఏడు ఈ జిల్లాలో యాభై నాలుగు చోట్ల బంగారం కోసం పలుగురాయి తవ్వేవారు. రాయి దంచే మిల్లులు పంతొమ్మిది ఉండేవి. వాటి చప్పుడుకు అలవాటుపడ్డ ఊరివారికి ఆదివారపు నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదట. లోతుకు పోయేకొద్దీ బంగారం తగ్గి వెండి పెరిగింది, ఆ తరువాత రెండూ తగ్గాయి. నేడు నాలుగు గనులు, రెండు మిల్లులు మిగిలాయి. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, నలభై ఏళ్ళకే మంచం పట్టిన మగవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈ క్షీణతను మూడు నెలలకొకసారి, ఎన్ని టన్నుల రాయికి ఎన్ని ఔన్సుల బంగారం, ఎన్ని ఔన్సుల వెండి వచ్చాయో గళ్ళు గీసి, పై కార్యాలయానికి నివేదించడం కినైర్డ్ గారి విధి. 1878 నుంచి ఆ నివేదికల శుభ్రప్రతులు రాసిపెట్టడం, బడిలో నా పాఠాలు ముగిశాక వారానికి రెండు సాయంత్రాలు, నా విధి. ఒక గని బాగుందని వాటాదారులు రాయించుకోవాలని చూసిన సందర్భాలు నాకు తెలుసు. ఆయన కలం నుంచి అలాంటి వాక్యం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు.

1869లో ఆయన జిల్లా సర్వేయరు అయ్యారు, రిజిస్ట్రారు పని కూడా ఆయనకే అప్పగించారు. గని లోపల దిక్సూచి పెట్టేముందు చుట్టుపక్కల ఉన్న ఇనుమునంతా ముప్ఫై అడుగుల అవతలికి పంపడం ఆయన నియమం. ఇనుము దగ్గర ఉంటే సూది దాని వైపు తిరుగుతుంది. గునపాలు, సుత్తులు, బెల్టు బిళ్ళలు, చివరికి మేకులు కొట్టిన బూట్లు కూడా విప్పించేవారు. కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనికార్మికుడు హోస్కెన్ ఒకసారి మోకాలి లోతు బురదలో ఉత్తకాళ్ళతో నిలబడి అడిగాడట:

"సర్వేయరు గారూ, మా ఆవిడ మాటంటే అచ్చం ఇనుమే. ఆవిణ్ణి కూడా ముప్ఫై అడుగుల అవతల నించోబెట్టమంటారా?"

"ఆవిడ గనిలోకి దిగదు కాబట్టి సరిపోయింది హోస్కెన్. నీ జేబులో ఆ కత్తి తియ్యి."

"అది రొట్టె కోసుకునే కత్తి కదండీ."

"సూదికి ఆ సంగతి తెలీదు. తియ్యి."

ఈ కథ ఊళ్ళో చాలాకాలం నవ్వుతూ చెప్పుకున్నారు. 1886 తరువాత ఎవరూ చెప్పలేదు.

ఆలిస్ గని 1875లో మూతపడి నీటితో నిండిపోయింది. దానికి తూర్పున ఉన్న పెన్‌రోజ్ గనిలో మా సైలస్ షిఫ్టు మేస్త్రి. 1886లో పెన్‌రోజ్ సొరంగాన్ని ఆలిస్ వైపు పొడిగించాలనుకున్నారు. కినైర్డ్ గారు 1871లో గీసిన ఆలిస్ పటం ప్రకారం రెండు సొరంగాల మధ్య అరవై అడుగుల గట్టిరాయి ఉంది. అందులో ముప్ఫై అడుగులు తవ్వి, మిగిలిన ముప్ఫై అడుగులు నీటికి అడ్డుగా వదిలేయాలని ఆజ్ఞ. ఆగవలసిన చోటు సైలస్‌కు చెప్పారు. ఆగస్టు 19 ఉదయం పది గంటలకు సొరంగం చివరి రాయి పగిలి, ఆలిస్ గనిలో పదకొండేళ్ళుగా నిలిచిన నీరు పెన్‌రోజ్‌లోకి వచ్చింది. పని మీద ఉన్న తొమ్మండుగురిలో ఇద్దరు బయటపడ్డారు. సైలస్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు.

నీళ్ళు తోడేసరికి సొరంగం చివర కూలిపోయి ఉంది. ఎంత దూరం తవ్వారో కొలవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. బయటపడ్డ ఇద్దరూ ఆ చివర పని చేసినవారు కారు. సాక్ష్యం చెప్పగలిగింది ఆ పటం ఒక్కటే, అది సైలస్‌కు వ్యతిరేకంగా చెప్పింది. అరవై అడుగుల అవతల ఉన్న నీరు మీదపడిందంటే మేస్త్రి ముప్ఫై దగ్గర ఆగకుండా తవ్వుకుంటూ పోయాడని కంపెనీ వారు విచారణలో వాదించబోతున్నారని ఊరంతటికీ తెలిసింది. చనిపోయిన మిగతా ఆరుగురి ఇళ్ళవారు మా గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేవారు.

విచారణకు ముందురోజు నేను బడి నుంచి వచ్చేసరికి కినైర్డ్ గారు వానలో మా గేటు బయట నిలబడి ఉన్నారు. మా అమ్మ గుమ్మంలో ఉంది.

"లోపలికి రమ్మని నేననను," అంది అమ్మ. "వానలో మాత్రం నించోకండి. ఆ చూరు కిందికి రండి."

ఆయన వచ్చి టోపీ తీశారు.

"నేనేదీ అడగడానికి రాలేదమ్మా. ఒక మాట చెప్పి వెళ్తాను. రేపు అందరి ముందూ వినేకన్నా ముందు మీరు వినాలి. సైలస్ ఎక్కడా గీత దాటలేదు. తప్పు నా పటంలో ఉంది."

"మీకెలా తెలుసు?"

"పదిహేనేళ్ళ కిందటి నా కొలతల పుస్తకం నిన్న తీసి చూశాను."

అమ్మ గుమ్మం దిగి ఆయన ఎదురుగా వచ్చింది.

"ఆ పుస్తకం ఇంకెవరన్నా చూశారా?"

"లేదమ్మా. అది నా బీరువాలోదే."

"రేపు ఈ మాట అక్కడ అంటారా?"

"అంటాను."

"అయితే నేనూ వస్తాను," అంది అమ్మ.

మరునాడు ఆయన ఆ పుస్తకం తెరిచి చదివారు. 1871 మే 15, సోమవారం. కొలతల అంకెల కింద, ఆయన దస్తూరీలోనే, ఒక చిన్న వాక్యం ఉంది: "శనివారం చెక్క పట్టాలు తీసి కొత్త ఇనుప పట్టాలు వేశారు. బండి హాయిగా నడుస్తోంది." పనివాళ్ళ జేబుల్లో కత్తులు కూడా తీయించిన మనిషి, తన కాళ్ళ కింద బురదలో మునిగి ఉన్న పట్టాల మధ్యనే దిక్సూచి నిలబెట్టారు. సూది ఆరు డిగ్రీలు పక్కకు తిరిగింది. మూడువందల ఇరవై అడుగుల సొరంగం చివరికి వచ్చేసరికి ఆ తేడా ముప్ఫై మూడు అడుగులైంది. ఆలిస్ సొరంగం పటంలో ఉన్నదానికన్నా అంత దగ్గరగా ఉంది. అరవై అడుగులనుకున్న రాయి ఇరవై ఏడు అడుగులే. అంటే సైలస్ తనకు చెప్పిన చోటుకు ఇంకా మూడు అడుగుల ఇవతలే ఉన్నాడు.

కంపెనీ వకీలు ఆయనకు తప్పించుకునే దారి చూపించాలనే అనుకున్నాడు.

"పదిహేనేళ్ళ నాటి సంగతి కదండీ. ఎంతటివారికైనా జ్ఞాపకం తప్పొచ్చు. బహుశా పట్టాలు తరవాత వేశారేమో?"

"నా జ్ఞాపకం తప్పినా నష్టం లేదు," అన్నారు కినైర్డ్ గారు. "ఇది ఆ రోజు రాసింది."

"ఇది ఒప్పుకుంటే మీ ఉద్యోగం సంగతి ఆలోచించారా?"

"ఆలోచించాను. తరవాతి ప్రశ్న అడగండి."

ఆయన సర్వేయరు అర్హతపత్రం రద్దు చేశారు. రిజిస్ట్రారు పని మాత్రం మిగిల్చారు. ఆ సెప్టెంబరు నివేదికలో, మామూలుగా 'విశేషమేమీ లేదు' అని రాసే గడిలో, ఆయన ఏడుగురి పేర్లు రాసి, "వీరి మరణానికి కారణం ఈ నివేదిక సమర్పిస్తున్న వ్యక్తి పటంలోని తప్పు" అని రాశారు. పై కార్యాలయం దానిని తిప్పిపంపి, 'దురదృష్టకర ప్రమాదం' అంటే చాలునని సూచించింది. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ పంపారు. రెండుసార్లూ శుభ్రప్రతి రాసింది నేనే. వేరెవరిచేతనైనా రాయిస్తానని ఆయన అన్నారు. నేనే రాస్తానన్నాను.

ఆ తరువాతి ఆరేళ్ళలో ఆయన చేసిన పని ఏ గడిలోనూ ఎక్కలేదు. నీళ్ళు నిండి మూతపడ్డ పాత గనులు జిల్లాలో ఇంకా పదకొండు ఉన్నాయి. వాటి పటాలన్నీ ఆయన దిక్సూచితో గీసినవే. ఆయనకు సంతకం చేసే అర్హత లేదు గనుక, కొత్తగా వచ్చిన యువ సర్వేయరు లావింగ్టన్ గారి వెంట శనివారాలు కొలతగొలుసు మోసేవాడిగా వెళ్ళి, నీరు తోడగలిగినంత తోడించి, ప్రతి సొరంగాన్నీ సూది అవసరం లేని కోణమాపకంతో మళ్ళీ కొలిచారు. దారిలో హోస్కెన్ ఊరుకోలేదు.

"గొలుసు మోసే పనికి దిగారా, సర్వేయరు గారూ?"

"గొలుసు అబద్ధం చెప్పదయ్యా."

"పట్టుకున్నవాడు చెప్తాడు."

"నిజమే. అందుకే రెండో కొస నువ్వు పట్టుకో. రా."

హోస్కెన్ పట్టుకున్నాడు. ఎదురు కొసన దగ్గుతూ, తిడుతూ, తాను చనిపోవడానికి ముందు శనివారం దాకా పట్టుకున్నాడు. పదకొండు పటాల్లో రెండు తప్పని తేలాయి. వాటిలో ఒకటి డెవనీ గని పక్కది. అక్కడ తవ్వకం ఆపేసినప్పుడు నీటికీ మనుషులకూ మధ్య మిగిలి ఉన్నది పద్నాలుగు అడుగులు. ఆ షిఫ్టులో ఉన్న నలభై మందిలో చాలామంది ఈ సంచికను చదువుతారు.

పదవీ విరమణ తరువాత కినైర్డ్ గారు సముద్రపు ఒడ్డున కుమార్తె ఇసబెల్ గారి వద్ద ఉండబోతున్నారు. గత శీతాకాలం నుంచి ఆయన ఊపిరి కూడా బాగాలేదు. సముద్రపు గాలి మేలు చేస్తుందని వైద్యులు చెప్పారు. ఈ సంచికలో అభినందన పత్రం కింద సంతకం చేయమని ఆ ఏడు ఇళ్ళవారినీ అడిగారు. నాలుగు ఇళ్ళవారు చేశారు, మూడు ఇళ్ళవారు చేయలేదు. చేయనివారిని ఎవరూ ఒక్క మాట కూడా అనవద్దని కినైర్డ్ గారే కబురు పంపారు. మా అమ్మ ఇప్పుడు లేదు. మా ఇంటి తరఫున నిర్ణయించవలసినదాన్ని నేనొక్కతెనే. సైలస్ మీద నింద పడనిచ్చి ఊరుకుని ఉంటే ఈ ఆరేళ్ళూ ఆయనకు ఎంత సులువుగా గడిచేవో నాకు తెలుసు. ఆయన అలా ఊరుకోలేదు. మా నష్టం మాత్రం అందువల్ల తగ్గలేదు, తగ్గిందని చెప్పడం ఆయనకూ ఇష్టముండదు. శ్రీ కినైర్డ్ గారు ఆరోగ్యంగా, తేలికైన ఊపిరితో, కుమార్తె నీడన ఇంకా చాలా ఏళ్ళు జీవించాలని కోరుతున్నాను. సంతకం చేసిన నాలుగు ఇళ్ళలో మాది ఒకటి.