అద్దాల రైక మీద ఫ్లాష్

హలో… హరిలాలన్నా, వినపడుతున్నదా? ఆ, నేనే. గంగను.

…బాపు ఫోన్. చార్జింగ్‌ల ఉండె, తీసుకున్న.

…లేదు, ఎవరికేం కాలే. అందరు మంచిగనే ఉన్నరు. ఆ చప్పుడా? వాన. రేకుల మీద పడుతున్నది. కామారెడ్డిల పడ్తలేదా?

…ఫంక్షన్ హాల్ల ఉంటే నీకేం తెలుస్తది. పెండ్లికూతురు స్టేజి ఎక్కిందా?

…మేకప్ ఇంక కాలేదా? మంచిదే. అంటే… నీకు జర తీరిక ఉన్నట్టే కద.

…ఏం లేదన్నా, ఒక డౌటు. బడిల సారు వెలుతురు పాఠం చెప్తున్నడు. ఫోటోగ్రాఫర్లు ఎట్ల తీస్తరో కనుక్కొని రాసుకరమ్మన్నడు.

…ఆదివారమైతే ఏంది, రేపు చూపియ్యాలె కద.

…నేను ఎక్కువ మాట్లాడుతున్ననా? ఫోన్ల నా ముఖం ఎవరికి కనపడది. గందుకే.

…ఆ, రాసుకుంటున్న. చెప్పు. ఇంట్ల చీకటిగ ఉన్నది, ఒక మనిషిని కూసోబెట్టి ఫోటో తీయాలె. పైన గుండ్రంగ తిరిగేది ఉంటది కద, అది ఎక్కడ పెట్టాలె?

…ఎమ్ మీద. ఆ… పెట్టి— రాసిన. ఎమ్ అని రాసిన.

…ఐఎస్ఓ నాలుగు వందలు. అది ఏ బటన్‌తోని—

…బటన్ ఎందుకంటే, సారు బొమ్మ గీయమంటడేమో అని.

…పైన, కుడి దిక్కు. ఆ, ఉంది. అంటే, ఉంటది అని రాసుకున్న.

…ఎపర్చర్ నాలుగు. నాలుగంటే కన్ను బాగ తెరిచినట్టా, మూసినట్టా?

…అంకె చిన్నగయితే పెద్దగ తెరుచుకుంటదా? ఇదేంది, ఉల్టా ఉన్నది.

…షట్టర్ వెయ్యి మీద పెడితే మంచిది కాదా? చెయ్యి వణికినా ఫోటో కదలదు కద.

…టక్కుమన్నదా? ఏమో. మేక దగ్గింది కావచ్చు.

…వానకాలం గట్లనే దగ్గుతది.

…అన్నా, ఒకటి అడుగుత. ఫోటోల నడుము కాడ ఒక పట్టీ తెల్లగ వచ్చి, దాది తల మొత్తం నల్లగ వస్తే ఏం చేయాలె?

…

…నేను దాది అన్ననా? మన నాయనమ్మ ముచ్చట ఎందుకు తీస్త?

…

…అన్నా, అరవకు. పెండ్లోళ్ళు చూస్తరు.

…ఆ. నీ పాత కెమెరానే. ఫ్లాష్ కూడ.

…పెట్టె పగులగొట్టలే. తాళంచెవితోనే తీసిన. పిల్లల చేతికి పోవద్దని తాళంచెవి నువ్వే దాదికి ఇచ్చి పోయినవ్ కద. దాదే నడుముకున్న సంచిలకెళ్ళి తీసి ఇచ్చింది.

…నన్నెందుకు తిడుతవ్? ఇగో, దాది ముందటనే కూసున్నది, ఆమెనే తిట్టు. ఇయ్యాల్నా ఫోన్?

…ఇయ్యొద్దా. సరే.

…చెప్తున్న, విను. ప్రమీలత్త వచ్చింది. ఎల్లారెడ్డిల బస్సు దిగి ఆటోల, తడుసుకుంట వచ్చింది. బిడ్డ తార పెండ్లికి కొత్త రైక కుడుతున్నరట. మన దాది అద్దాల రైక కుట్లు విప్పి, ఆ అద్దాలన్ని దానికి పెడ్తరట.

…బట్ట చినుగుతనే ఉన్నది కద అన్నా, అద్దాలన్న మిగులుతయ్. దాది కూడ సరేనన్నది. గానీ షరతు పెట్టింది. ఆ రైక మీద ఒక్క ఫోటో మంచిగ రావాలె. వస్తేనే కత్తెర ముట్టనిస్తదట. రాకుంటే రైక మళ్ళ పెట్టెలకే పోతది, తార ఉత్త రైకతోని పెండ్లి చేసుకోవాలె.

…ఇయ్యాలనే. అత్త ఆఖరి బస్సుకు నస్రుల్లాబాద్‌కు, ఇంటికి పోవాలె. ఇది మూడోసారట రావడం. ఇంకోసారి రానని చెప్పింది.

…సెల్‌ఫోన్ ఫోటో ఒప్పుకోదు. దీప్లా తాత పోయినప్పుడు ఆధార్ కార్డు ఫోటో పెద్దగ చేసి ఫ్లెక్సీ పెట్టిండ్రు కద. ఒక కన్ను మూసి, నోరు తెరిచి… కోడిని ఎవడో ఎత్తుకపోతుంటే చూస్తున్నట్టు ఉన్నడు అంటది దాది. నేను పోయినంక నన్ను తండా ముందట గట్ల నిలబెట్టకుండ్రి అంటది.

…ఆ, నువ్వు తీసినవ్, తీజ్ పండుగకు. ముఖమంత చీకటి, ఒంటినిండ చుక్కలు. కరెంటు దుకాణం లెక్క ఉన్న అని ఇప్పటికీ అంటది.

…లేదులే అన్నా, నేను నవ్వలే. దాది నవ్వింది.

…చెప్తవా మరి? నువ్వు మంచోనివన్నా. ఆ, కింద పెట్టను. మెడల పట్టీ వేసుకున్న. చెవిల ఇయర్‌ఫోన్ ఉన్నది, రెండు చేతులు ఖాళీగనే ఉన్నయ్.

…షట్టర్ రెండు వందలు దాటొద్దా? ఎందుకు?

…ఫ్లాష్ వెలిగెటప్పటికి లోపలి పరద సగం మూసుకుంటదా. గందుకేనా తల రాలే. సరే… నూట అరవై. పెట్టిన.

— దాదీ, ఇటు చూడు. కదలకు.

…తీసిన. ఆగు, చూస్తున్న…

…ముఖం వచ్చింది. నోరు కూడ మూసే ఉన్నది. గానీ అద్దాలన్ని భగ్గుమన్నయ్. తీజ్ ఫోటోకు అక్కనో చెల్లెనో అన్నట్టున్నది.

…ఇంక పెద్దగ చేసి చూడాల్నా? ఆ… అయ్యో.

…ఏం లేదు. కింది అద్దాలల్ల నేనున్న. ఒక్కొక్క దాంట్ల ఇంతింత, కెమెరా పట్టుకొని. ఇన్నేండ్లు ఏ ఫోటోల పడకుండ తప్పించుకున్న, ఇప్పుడు దాది రైక నిండ నేనే.

…నవ్వకు. ఏం చేయాలె చెప్పు.

…ఫ్లాష్ తలకాయ మీదికి తిప్పాలె. వెలుతురు పైకప్పుకు తగిలి కిందికి వాలుతది. తిప్పిన.

…తీసిన. ఏం రాలే. దాది పన్ను ఒక్కటి కనపడుతున్నది.

…మీద రేకులే కదన్నా. తుప్పు పట్టి నల్లగయినయ్. నువ్వు పెండ్లి హాల్ల తెల్లటి సీలింగు చూసి మాట్లాడుతున్నవ్.

…గోడ దిక్కు తిప్పాల్నా? సరే, పక్క గోడకు తిప్పుతున్న.

…తీసిన.

…

…అన్నా, వెలుతురైతే మెత్తగ వచ్చింది. అద్దాలు కూడ ఊకున్నయ్. గానీ దాది చిలుక రంగుల ఉన్నది.

…అవును, ముఖమంత. కెమెరా ఎందుకు ఖరాబైతది? గోడ రంగు అది. మొన్న నువ్వే తెచ్చినవ్ కద డబ్బాలు, చిలుకపచ్చ అయితే చల్లగుంటది అని.

…దాది చూసింది. ఏమన్నదంటే… చచ్చినంక గాదు, ఇప్పుడే చచ్చినట్టున్న అన్నది. అత్త చెప్పులేసుకుంటున్నది.

— అత్తా, ఒక్కసారి. ఇంకొక్కసారి తీస్త.

…అన్నా, తొందరగ చెప్పు. అత్త పోతే అద్దాలు కూడ ఇగ ఈడనే ఉంటయ్.

…తెల్లటిది, పెద్దది, గోడకు కట్టాలె. దుప్పట్లు అన్నిటికి పూలున్నయ్. బాపు ధోతి… అది తెల్లగ ఉండేది నువ్వు పుట్టకముందు.

…థర్మకోల్ మన తండాల ఎవరి దగ్గర ఉంటది?

…ఆగు. ఆగాగు. వెనక కట్టెల మీద తడవకుండ ఒకటి కప్పి ఉన్నది.

…దీప్లా తాత ఫ్లెక్సీ. దినాలు అయినంక బాపు ఇప్పుకొచ్చిండు. తెస్తున్న, ఫోన్ పెట్టకు.

…

…తెచ్చిన. ఒక దిక్కు తలుపు చెక్కకు కట్టిన. ఇంకో దిక్కు అత్త పట్టుకున్నది. తిట్టుకుంట పట్టుకున్నది, అయినా పట్టుకున్నది.

…ఫ్లాష్ ఫ్లెక్సీ మీదికి, కెమెరా దాది మీదికి. ఆ, అర్థమైంది. సగం పవర్ పెట్టిన.

— దాదీ, చూడు. …దాదీ, ఏంది అది?

…అన్నా, దాది ముసుగు వేసుకున్నది. ముఖం మొత్తం కప్పుకున్నది.

…ఏమో. అడుగుతున్న, ఉండు.

…

…దీప్లా తాత ఆమెకు బావ అట. పెద్దోడట. ఆయన ముందట ఏనాడు ముఖం చూపియ్యలేదట, ఇప్పుడు ఫోటో కోసం చూపిస్తదా అంటున్నది.

…పోయిండు అని నేను కూడ చెప్పిన. పోతే ఏంది, చూస్తనే ఉన్నడు కద అంటున్నది. నిజంగనే చూస్తున్నడన్నా. తెరిచిన కన్ను దాది దిక్కే ఉన్నది.

…ఆ? బొమ్మ దిక్కు ఎందుకు కట్టిన అంటే… తొందరల. వెనక తెల్లగుంటదని నాకు తెల్వదా? తెలుసు. ఇప్పుడు యాదికొచ్చింది.

— అత్తా, తిప్పు. బొమ్మ గోడ దిక్కు పోవాలె. ఆ, గట్ల.

…తిప్పినం. తెల్లగనే ఉన్నది. ఒక మూల బురద, అంతే.

— దాదీ, ఇగ తియ్యి ముసుగు. మీ బావ అటు తిరిగిండు.

…

…తీసింది. తీసి, ఒకసారి తొంగి చూసింది, నిజంగ తిరిగిండా లేదా అని. ఇప్పుడు సక్కగ కూసున్నది. చెంపల మీద వేలాడే వెండి ఘుగ్రీలు కూడ సరి చేసుకున్నది.

…నేను ముందట నిలబడొద్దా? పక్కకు… ఇట్లనా? ఆ, ఇప్పుడు అద్దాలల్ల నేను లేను. ఫ్లెక్సీనే కనపడుతున్నది.

…ఏ కన్ను మీద ఫోకస్ పెట్టాలె? …నాకు దగ్గరున్నది. సరే.

…తీసిన. కండ్లు మూసింది.

…మళ్ళ తీసిన. మళ్ళ మూసింది. ఫ్లాష్ వస్తదని ముందే తెలిసిపోతున్నది ఆమెకు. పిడుగు కోసం కూసున్నట్టు కూసుంటున్నది.

…నవ్వమంటే నవ్వదు దాది. నవ్వమన్నందుకు ముఖం ఇంక ముడుసుకుంటది.

…కామారెడ్డిల పెండ్లికూతుర్లకు ఏం చెప్తవ్?

…గది దాదికి చెప్పలేను అన్నా.

…ఆగు, నేనే చూసుకుంట. నువ్వు జర సేపు సప్పుడు చేయకు.

— దాదీ. హరిలాలన్న ఫోన్ల అంటున్నడు. ఈడ పెండ్లికూతురు రైక చూస్తే దాది రైక ఎందుకు పనికొస్తది, అంటున్నడు.

…

…నొక్కిన.

…నువ్వు అనలే. తెలుసు నువ్వు అనలేదని. ఊకో.

…ఆ, వినపడుతున్నదా? దాది నిన్నే తిడుతున్నది. ఆ మాట నాకు పలుకరాదు, ఇంటికొచ్చినంక నువ్వే విను.

…ఉండు. చూస్తున్న.

…

…

…ఉన్నన్నా. ఫోన్ కట్ కాలే.

…వచ్చింది.

…ఎట్ల అంటే… కండ్లు తెరిచే ఉన్నయ్. రెండిట్ల తెల్లగ, ఇంత చిన్న కిటికీ లెక్క వెలుతురు ఉన్నది. నిన్ను తిడుతున్నది కద, గందుకు గదుమ మీదికి లేపింది. ముడుతలన్ని ఉన్నయ్, ఏదీ నల్లగ కాలే. అద్దాలు… భగ్గుమనలే. పాలు పోసి ఆరబెట్టినట్టున్నయ్. కుట్టు కూడ కనపడుతున్నది. ఎర్ర దారం ఎక్కడ, పచ్చ దారం ఎక్కడ, అన్నీ.

…నిజంగ. ఒట్టు.

…చూపిస్తున్న దాదికి. …చేతిల పట్టుకున్నది. పట్టీ నా మెడల ఉన్నదని మర్చిపోయి గుంజుతున్నది.

…చూస్తున్నది.

…ఇంక చూస్తున్నది.

…ఇప్పుడన్నది. ఎవలతోనో కొట్లాడి గెలిచి వచ్చినట్టున్న అన్నది. ఫ్లెక్సీ పెడితే గిదే పెట్టుండ్రి, కింద పేరు కూడ వద్దు, తండాల అందరు నన్ను ఎరుగుదురు అన్నది.

…అత్త కూడ చూసింది. ఫ్లెక్సీ ఇడిసిపెట్టి దాది పక్కన కూసున్నది.

…ఎట్ల పంపాలె? కెమెరాల ఉన్నది కద. వచ్చి చూడు.

…అన్నా, దాది కత్తెర అడుగుతున్నది.

…ఆపమంటవా? ఎందుకు?

…రేపు లైట్లు, గొడుగు అన్నీ తెస్తవా. ఇంక మంచిగ తీస్తవా. చెప్తా, ఆగు.

— దాదీ, అన్న రేపు వస్తడట, కామారెడ్డికెళ్ళి. జర ఆగమంటున్నడు.

…

…వద్దంటున్నది. ఒకసారి మంచిగ వచ్చింది, మళ్ళ మళ్ళ అడుగొద్దు అంటున్నది. నువ్వు వస్తే అన్నం తిని పో అన్నది.

…లేదు, ఒంటి మీద ఉండంగనే కుట్లు విప్పుతున్నది. ఎడమ చెయ్యి మీదికెళ్ళి. అత్తను ముట్టనిస్తలేదు. మొదటి అద్దం నేనే తీస్త అంటున్నది.

…పోనీయ్ అన్నా. నువ్వు తీయకపోతే ఏంది. పవర్ సగం పెట్టమన్నది నువ్వే కద.

…ఒకటి వచ్చింది. నా అరచేతిల పెట్టింది. వెచ్చగున్నది.

…ఇంకోటి. ఇవి బియ్యపు గింజ లెక్క జారుతున్నయ్, కింద పడితే మట్టిల దొరకయ్. దోసిలి పట్టాలె అన్నా. ఫోన్ పెడుతున్న.