చిమ్మట చెవిలో తాళాల గుత్తి

పురుగుల ప్రయోగశాలలో వదిన కంప్యూటర్ తెర ముందు తల పట్టుకుని కూర్చుంది. అక్కడే స్టోరు చూసుకునే ఆడపడుచు టీ పట్టుకొచ్చింది.

"మళ్లీ అదే! గబ్బిలం కూతలు వినిపించే స్పీకర్ ఆపేసినా ఈ చిమ్మట చెవి నరం ఉలిక్కిపడుతోంది. నాలుగింటికి ప్రొఫెసర్‌గారికి ఏం చూపించను, నా మొహమా?"

"దీపాల చుట్టూ తిరిగే పురుక్కి చెవులు కూడానా వదినా?"

"ఉన్నాయి. ఒక్కో చెవికి రెండే నాడీకణాలు. గబ్బిలం కూత దూరంగా వినిపిస్తే మొదటిది మోగుతుంది, చిమ్మట పక్కకి తప్పుకుంటుంది. దగ్గరికొస్తే రెండోదీ మోగుతుంది, రెక్కలు ముడిచి దబ్బున కింద పడిపోతుంది."

"రెండిటితోనే ఇంత పనా! మా అన్నయ్యకి అలాంటి కణాలు కోట్లున్నా పిలిస్తే పలకడు."

"మీ అన్నయ్య సంగతి తర్వాత. ఈ గీతలు చూడు. రోజూ పదకొండింటికి ఒక గబ్బిలం వరండాలోంచి ఈ బల్లదాకా నడిచొచ్చినట్టు లేదూ?"

"పదకొండింటికా? అది నేను టీ తెచ్చే వేళ."

"ఏదీ, నీ నడుముకున్న తాళాల గుత్తి ఒకసారి ఆడించు."

"ఇదిగో."

"రెండు కణాలూ మోగాయి! మన చెవికి అందని సన్నటి చప్పుడు కూడా ఉంటుందే దాన్లో. గబ్బిలానివి నువ్వా!"

"పోనీలే, నీ పరువు దక్కింది. మరి నేను మీ ఇంటికొచ్చినప్పుడల్లా నువ్వు ముసుగుతన్ని పడుకునుంటావు, అదీ ఈ గుత్తి వల్లేనా?"

"నన్ను చిమ్మటతో పోల్చకు. అది గబ్బిలం మీదికొచ్చేదాకా ఆగుతుంది. నేను నువ్వు గేటు తీయగానే పడిపోతాను."