జకి గుడిస్తే

విజయనగరం. మే నెల ఆదివారం. భోజనాలయ్యాక, బోర్డులు రాసే ఈశ్వర్ ఇంటి అరుగు మీద అతనూ, పూలమ్మే అతని భార్య గౌరీ.

"రాయనంటే ఎలగ బావా? నాలుగ్గంటలకి గిరిబాబు గారొస్తారు. ఏటి సెప్పమంటావు?"

"రాయడని సెప్పు."

"పండగ కమిటీ సెక్రెటరీ అంతటాయన కాళ్ళకి బలపం కట్టుకుని మనింటి సుట్టూ తిరుగుతన్నాడు. నీకేమో బెట్టు."

"ఫ్లెక్సీ ఏయించుకోమను. మిషను తప్పులు రాయదు."

"ఈ ఊళ్ళో సేత్తో రాసే పెద్ద బోర్డు అదొక్కటే మిగిలున్నాది. అదీ ఫ్లెక్సీ వోలకి ఒగ్గీసి నువ్వేటి సేస్తావు? అయినా పోయినేడు పోయిందేటి, ఒక్క అచ్చరం గదా!"

"ఒక్క అచ్చరమా? ఇరవై అడుగుల బోర్డే గౌరీ! 'విజయనగరం వేసవి జాజ్ ఫెస్టివల్' అని రాయమన్నారు. జ మీద పొల్లు. తీరా గేటుకి కట్టినాక సూస్తే పొల్లు లేదు, గుడి ఉన్నాది. జాజి ఫెస్టివల్!"

"జాజి అంటే తప్పేటి? వినడానికి బాగున్నాది."

"నీకు బాగుంటాది, బుట్టలు ఖాళీ అయ్యాయి. నాకు 'గుడి ఈశ్వరు' అని పేరొచ్చింది. టీ కొట్టుకెళ్తే 'ఇయ్యాలెక్కడ గుడి కడతన్నావు ఈశ్వరూ?' అంటారు. సాలూరులో లారీల మీద రాయడానికెళ్తే అక్కడా అదే ఏడుపు."

"నవ్వితే నవ్వనీ. ఆ గుడి లేకపోతే ఎవులొచ్చేవోలు? జాజ్ అంటే పాటో, పలారమో ఈ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? కుర్చీలు నిండవని గిరిబాబు గారే కంగారు పడిపోనారు."

"అది మాత్రం నిజమే. పూలపండగనుకుని ఆడోలందరూ తల నిండా జాజులెట్టుకుని దిగిపోనారు."

"కోట పక్క మైదానమంతా ఒకటే వాసన! ఇసకేస్తే రాలని జనం. ఇక మన తాతమ్మత్త సంగతి సెప్పనే అక్కర్లేదు."

"ఆవిడ సరాసరి స్టేజీ ఎక్కీసింది."

"ఎక్కీసి, 'పూలజడల పోటీ ఎప్పుడు బాబూ?' అని ఆ బట్టతల దొరనడిగింది. ఆయనకేటి అర్థమైనాదో, వొంగి దండం ఎట్టాడు."

"దండం ఎడితే ఈవిడ ఊరుకుంటాదా? రెండు మూరలు తీసి ఆయన వొంకర బాకాకి సుట్టీసింది."

"దాన్ని శాక్సఫోన్ అంటారు బావా."

"ఓసోస్! నీకు బాగా తెలుసు మరి. ఆయన ఊదాడు సూడు, లోపల పడ్డ పూలన్నీ ఎగిరి ముందు వరస మీద పడ్డాయి. ఈలలే ఈలలు! అదే ఆట అనుకున్నారు జనం. రెండు గంటలు ఒక్కరు లేస్తే ఒట్టు."

"సూసావా, నవ్వుతన్నావు!"

"నవ్వట్లేదు."

"నవ్వావు, నేను సూసాను. రాసీ బావా. బేగి ఒప్పుకో."

"నవ్వు వేరు, పని వేరు. ముప్పై ఏళ్ళలో నా బోర్డు మీద ఒక్క తప్పు లేదు. పొల్లే రాసాననుకున్నాను గౌరీ. ఈ సేత్తోనే రాసాననుకున్నాను. కళ్ళు పోనాయి నాకు. ఇంక ఎవులికీ రాయను."

"అవేం మాటలు?"

"కుంచెలన్నీ రంగులేసే సోములికి ఇచ్చీస్తానని సెప్పీసాను. తీసుకెళ్ళడానికి ఆడూ నాలుగ్గంటలకే వస్తాడు."

"కుంచెలా? మీ నాన్న కుంచె కూడానా?"

"అదీను."

"బావా."

"ఏటి?"

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"నీకెలగ తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలగ తెలుసు?"

"కోడికూర ఇంకా ఉన్నాది. రెండు ముక్కలెట్టీనా?"

"ఇప్పుడే గదే సెయ్యి కడిగాను! మాట మార్సకు. ఎలగ తెలుసు?"

"ఆ గుడి… ఆ గుడి నేనే ఎట్టాను."

"ఏటీ?"

"నువ్వు తిని పడుకున్నావు. బోర్డు ఇక్కడే ఆరతన్నాది. సదివాను. నువ్వే గదా పలక మీద నేర్పావు, జకి గుడిస్తే జి అని. ఆ పొల్లుతో సదివితే అది మాటలాగే లేదు. జాజి అని రాయబోయి మర్సిపోనావనుకున్నాను. నలుగురూ నిన్ను సూసి నవ్వుతారని, కుంచె తీసి పొల్లుని గుడి సేసీసాను."

"నన్ను నవ్వుతారనా?"

"ఆఁ. నిన్ను నవ్వకూడదనే. తరవాత కమిటీవోలు నీ మీద అరుస్తంటే నేను నిజం దాసీసాను. ఏడాదయింది బావా, తిన్నది వొంటబట్టట్లేదు. ఎంత తిట్టినా పడతాను. కుంచెలు మాత్రం ఇయ్యకు."

"ఎందుకు తిడతాను? నాకా రోజే తెలుసు."

"ఏటి తెలుసు?"

"నీ గుడి ముగ్గు మెలికలాగుంటాది. మూడు నెలలు పలక మీద దిద్దించినోడిని, పోల్సుకోలేనేటి? పైగా ఆ సాయంత్రం నీ యేళ్ళకి ఎర్రరంగు. ఇదేటే అంటే గోరింటాకన్నావు."

"మరి నేనే రాసానని ఎందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వని సెప్తే నిన్ను నవ్వుతారు. నువ్వెళ్ళి పలక నూతిలో పారేస్తావు. మళ్ళా జన్మలో అచ్చరం ముట్టవు. నాదేటి, బోర్డులోడిని, నవ్వితే దులుపుకుంటాను."

"బావా…"

"ఏడవకే. ఒళ్ళో పూలు తడిసిపోతాయి."

"మరి ఏడాదంతా ఆ మూతి ముడుపేటి? కళ్ళు పోనాయని ఆ నాటకమేటి?"

"అదా…"

"సెప్పు."

"నేను మూతి ముడిసినప్పుడల్లా నువ్వు కోడికూర వండుతన్నావు. ఆదివారం తప్పట్లేదు. నిజం బయటపడిందంటే మళ్ళా ఆనపకాయే గదా!"

"ఏటీ! అయితే సోములు రాడా?"

"ఆడికేటీ తెల్దు. గిరిబాబు గారికి పొద్దున్నే మాటిచ్చీసాను. పేరు కూడా ఈసారి కమిటీవోలే 'జాజి ఫెస్టివల్' అని రాయమన్నారు. గుడి ఉండాలంట! కూర పోతే పోయింది, నువ్వు నిజం ఒప్పుకుంటావేమోనని ఓ రాయేసి సూసాను."

"అలగా!"

"అలగే. అదిగో, నాలుగవకుండానే ఆయన బండి సప్పుడు. కళ్ళు తుడుసుకో."

"గౌరమ్మా, ఈశ్వర్ ఉన్నాడా? బోర్డు గుడ్డ తెచ్చాను."

"ఉన్నాడు గిరిబాబు గారూ, కూకోండి. ఆయనింక రాయడంట బాబూ. కళ్ళు పోనాయంట పాపం."

"ఒసే! ఒసే గౌరీ!"

"అయ్యో! పొద్దున్న బాగానే మాట్లాడాడే! ఇప్పుడెలాగమ్మా? ఫ్లెక్సీ వేయించుకోమంటావా?"

"ఫ్లెక్సీ ఎందుకు బాబూ? పోయినేడు మీ కుర్చీలు నింపిన గుడి నేనెట్టిందే. ఈసారి బోర్డంతా నేనే రాస్తాను. మా ఆయన పూలు కడతాడు, ఆదివారం కోడి కూడా ఆయనే వండుతాడు."