డ్వోర్‌స్కీ ఆంటీ గుమ్మంలో జోకు

ఏంటే గ్రెటా, ఆ గిన్నెలో ఏం పోస్తున్నావ్? ఎండుద్రాక్ష పొట్లాలా? చాక్లెట్లు లేవూ? మిఠాయి దొరకలేదన్న కోపంతో పిల్లలు మన కిటికీలకి సబ్బు రుద్ది పోతారు, నాదీ పూచీ. నాకెలా తెలుసా? నేనూ రుద్దాను కాబట్టి. టైమెంతయింది? పిల్లలు రావడానికి ఇంకా ఆరు కాలేదూ? ఆ కర్టెన్ కాస్త పక్కకి లాగు, ఈ మంచం మీంచి నాకు వీధి కనబడాలి. అదుగో, ఆ గ్యారేజీ ఉన్నచోట డ్వోర్‌స్కీ ఆంటీ ఇల్లుండేది. మహా గట్టి మనిషిలే. హాలోవీన్ రాత్రి వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగే పిల్లలకి ఊరంతా మిఠాయిలు పంచితే, ఆవిడ మాత్రం యాపిల్ పళ్ళూ, వేయించిన గుమ్మడి గింజలూ. అవైనా ఊరికే ఇస్తుందా! ముందు ఇంటి చుట్టూ మూడు చుట్లు పరిగెత్తాలి. ఆ తర్వాత జోకు. జోకంటావా, మన దె మోయిన్ ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ చెప్పేదేగా, ఏదో గొణిగేసి మిఠాయి లాక్కుని పోతాం. ఆవిడ దగ్గర ఆ పప్పులుడకవు. "గట్టిగా చెప్పరా వెండెల్! లోపలి గదికి వినబడాలి!" అని నా మీద ఒకటే అరుపు. పోనీ చెప్తే నవ్వేదా? అబ్బే. మొహం గంటు పెట్టుకుని ఒక యాపిల్ చేతిలో పెట్టేది.

నాకప్పుడు తొమ్మిదో, పదో. ఒళ్ళు మండిపోయింది. పండు మెట్ల మీదే పడేసి, పక్కకెళ్ళి కిటికీ నిండా సబ్బు రుద్దొచ్చా. మర్నాడు మా అమ్మ చెవి మెలేసి, బకెట్ చేతికిచ్చి పంపింది. తుడుస్తున్నానా, సబ్బు పోయినచోట లోపల మంచం కనబడింది. మంచం మీద వాళ్ళమ్మాయి మెర్లా. షుగరు జబ్బు పాపం, ఆ ఏడు బడి కూడా మానేసింది. ఒళ్ళో నోటుపుస్తకం. "వెండెల్, నిన్న నీ జోకు చివర వినబడలేదు, ఏంటది?" అంది. అందరి జోకులూ రాసుకుందే! మిఠాయి ఒక్కటీ ముట్టకూడదుగా, అందుకే ఆ ఇంట్లో యాపిల్ పళ్ళు. ఆ కిటికీ ముందు పరిగెత్తే మా వేషాలూ, ఆ పుస్తకమూ, అంతే ఆ పిల్ల హాలోవీన్. నేనేమో జోకు సగం మింగేసి వచ్చా. సిగ్గేసింది. "వచ్చే ఏడు మంచిది చెప్తా" అన్నా. టైమెంతే? చూడవే ఒకసారి.

జూన్‌లో పోయింది మెర్లా. ఆ అక్టోబర్‌లో హాలోవీన్ రాత్రి వాళ్ళ గుమ్మంలో దీపం లేదు, అంటే రావద్దని, పిల్లలంతా దాటిపోయారు. నేను మూడు చుట్లూ పరిగెత్తి తలుపు కొట్టా. మాటిచ్చానుగా మరి. ఆంటీ తీసింది. లోపలి గదికి వినబడేట్టు అరిచా, "అస్థిపంజరానికి దోమలంటే భయమెందుకు లేదు? కుట్టడానికి ఏముందని!" ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్ళి ఆ నోటుపుస్తకం తెచ్చుకుంది. "మళ్ళీ చెప్పు నాన్నా, నెమ్మదిగా. రాసుకుంటాను" అంది.

...అదుగో, ఎవరో మెట్లెక్కుతున్నారు. వెళ్ళు. ఎండుద్రాక్షే ఇవ్వులే. జోకు మాత్రం గట్టిగా చెప్పమను, నాకిక్కడికి వినబడాలి.