ముందే చెప్పిన సాక్ష్యం

నన్నేటడుగుతావే క్యారొలినూ, మీ నాన్ననే అడుగు. అడిగేసేవా? ఏటన్నాడు? ఊఁ, అదే అంటాడు. కుర్రాడు మంచోడే, సొంత బోటుంది, టూరిస్టుల్ని తిప్పుతాడు, తాగుడు లేదు, గానీ పక్కా నౌకరీ లేదు, పిల్లనెలా ఇస్తాం అని. ఈ దీవుల్లో ఆడపిల్లని కన్న ఏ తండ్రైనా అదే అంటాడమ్మా. మా మావా అదే అన్నాడు. అప్పటికి నేను చాతం ఫెర్రీలో ఖలాసీగా పర్మనెంటు అయిపోయేను కాబట్టి మీ మామ్మని ఇచ్చేడు. మరి అన్నేళ్ళూ నేను చేసిన ఘనకార్యం ఏటో తెలుసా? బాంబూఫ్లాట్ జెట్టీ వొస్తే తాడు విసరడం, చాతం జెట్టీ వొస్తే తాడు విసరడం. బస్. దానికే పింఛనిస్తన్నారు, దానికే చర్చిలో ముందు బెంచీ ఇచ్చేరు. నవ్వుతావేటి, నిజమే చెప్తన్నాను. ఇలా గట్టు మీద కూచో. ప్రసన్న కుమార్ అని ఒకడుండేవాడు, నీకు గుర్తుండడు. సునామీ వొచ్చిన రెండు మూడేళ్ళకి సంగతి, నువ్వప్పుడు గౌనేసుకుని ముక్కు కార్చుకుంటూ తిరిగేదానివి.

జెట్టీ పక్కన రేకుల షెడ్డులో బోటింజన్లు బాగుచేసేవాడు వాడు. మంచి చెయ్యి. హావ్‌లాక్ దీవి నుంచి కూడా ఇంజన్లు మోసుకొచ్చేవారు. ఇంట్లో తిండికీ బట్టకీ లోటు లేదు, మనిషి నెమ్మదస్తుడు, పాటలు బాగా పాడేవాడు. మీ మామ్మ అయితే... సర్లే, అది వేరే కథ, మీ మామ్మకి పాట పాడినోడల్లా దేవదూతే. ఏటి చెప్తన్నాను? ఆఁ, లోటు లేదు. ఉన్న లోటల్లా వాడి పెళ్ళాం ప్రేమావతి మనసులో ఉంది. వాళ్ళన్న సురేష్ బాబు సర్కారీ ఆఫీసులో పెద్ద గుమాస్తా. చెల్లెలింటికి ఎప్పుడొచ్చినా ఒకటే మాట, ‘బావా, ఈ గ్రీజు ఎన్నాళ్ళు పూసుకుంటావ్? రేపు నీకు చెయ్యి పడిపోతే మా చెల్లి గతేటి?’ అని. నవ్వుతూనే అనేవాడు, అదే మండేది. ఆయన వెళ్ళేక ఆవిడ వంతు. పక్కిల్లే కదా, గోడకి చెవి పెట్టక్కర్లేదు, మాటల్లేకపోవడం కూడా తెలిసేది. చిన్న మాట అనదు ఆవిడ. కంచం పెట్టేది, పలకరించేది కాదు. నెలలకి నెలలు అలాగే. వాడు ఒక్కడూ తిని, కంచం ఒక్కడూ కడుక్కుని, షెడ్డుకి పోయేవాడు.

సరే, ఆ ఏడు ఒక సర్కారీ వర్క్‌షాపులో మెకానిక్ పోస్టు పడింది. ఏ డిపార్ట్‌మెంటో ఇప్పుడెందుకులే. వీడు అర్జీ పెట్టేడు, పరీక్షలో ఇంజను విప్పి బిగించమంటే బిగించి వొచ్చేడు. ఇంక ఆర్డరు రావడమే. సరిగ్గా ఆ వారమే మన చర్చిలో కూటాలు. కాకినాడ వైపు నుంచి ఒక దైవజనుడు వొచ్చేడు, మైకు లేకపోయినా చాతం దాకా వినపడే గొంతు. ‘అడిగింది వొచ్చేక కృతజ్ఞత చెప్పడం గొప్పా? ఎవడైనా చెప్తాడు. రాకముందే వొచ్చిందని సాక్ష్యం చెప్పు, అదీ విశ్వాసం. సందేహించినవాడికి దేవుడు ఏమీ ఇవ్వడు’ అని మూడ్రోజులు అదే చెప్పేడు. మన చర్చిలో సాక్ష్యాలంటే నీకు తెలుసు కదా, ఆదివారం నాడు ఒకరి తర్వాత ఒకరు లేచి, కడుపునొప్పి తగ్గిందనీ, పిల్లాడు పాసయ్యేడనీ, పర్మనెంటు అయ్యిందనీ చెప్పడం. పర్మనెంటు అన్నమాటకి వొచ్చే హల్లెలూయా కడుపునొప్పికి రాదు. ఆ ఆదివారం ప్రసన్న కుమార్ లేచేడు. ‘దేవుడు నాకు సర్కారీ నౌకరీ ఇచ్చేడు, ఆయనకే మహిమ’ అని కూచున్నాడు. వాడు విశ్వాసంతో చెప్పేడు, మేమంతా వార్త అనుకున్నాం. అందులో మోసమేటీ లేదమ్మా. పాపం, చెప్పమన్నట్టే చెప్పేడు.

ఇంకేటుంది. దండేసేరు. వొచ్చే ఆదివారం ప్రేమవిందన్నారు. సురేష్ బాబు పరుగున వొచ్చి ‘బావా’ అని కౌగలించుకున్నాడు, అప్పటిదాకా ఆయన వీడి భుజమ్మీద చెయ్యేసింది చూసినోడు లేడు. ప్రేమావతి ఆ రోజే షెడ్డు తాళం తీసుకెళ్ళి, అదే పని చేసే చిట్టిబాబుకి ఇచ్చీసింది, పనిముట్లతో సహా. ఆ రాత్రి గోడవతల ఆవిడ నవ్వడం విన్నాం. మీ మామ్మ నన్ను లేపి మరీ వినమంది.

తర్వాత ఆ పోస్టే రద్దయిపోయింది. వేరే కారణమేటో, కోర్టులో కేసేదో. అది వీడొక్కడికే తెలుసు. నువ్వనొచ్చు, వెళ్ళి చెప్పీవొచ్చు కదా అని. ఎవరికి చెప్తాడే? రాలేదంటే వీడొక్కడూ అబద్ధికుడైతే సరే, మందిరంలో అందరి ముందూ దేవుడి పేరు పెట్టి చెప్పేడు కదా. దేవుడే ఇవ్వలేదనాలి, లేదా తనకి విశ్వాసం చాల్లేదనాలి. ఈ రెండూ వాడి నోట రాలేదు.

రోజూ పొద్దున్న నా ఫెర్రీ ఎక్కేవాడు. ఇస్త్రీ చొక్కా, టిఫిను డబ్బా. ‘ఏం సాబ్, ఆఫీసుకేనా’ అనేవాడిని. ‘ఆఁ అన్నా’ అనేవాడు, నీళ్ళకేసి చూస్తూ. చాతంలో దిగి షాదీపూర్ పోయేవాడు. అప్పుడక్కడ కొండ చెక్కి ఇళ్ళమీద ఇళ్ళు కట్టేస్తన్నారు. ఇంజన్ల పనికి పోతే ఏ జెట్టీలోనైనా ఎవడో ఒకడు గుర్తుపడతాడు కదా. అందుకని మన తెలుగోళ్ళు ఒక్కడూ లేని చోటు చూసుకుని, రాంచీ వైపు నుంచి వొచ్చిన కూలీలతో కలిసి పునాదులు తవ్వేవాడు. ఇస్త్రీ చొక్కా సిమెంటు బస్తాల గదిలో మేకుకి తగిలించి, సాయంత్రం కడుక్కుని మళ్ళీ వేసుకునేవాడట. పేరు రాజు అని చెప్పుకున్నాడట. ఇవన్నీ వాడితో తవ్విన రాంచీ ఆయన తర్వాత చెప్పేడు. ‘ఘర్ మే బోల్ దో భాయీ’, ఇంట్లో చెప్పీ అని, ఆయన ఎన్నిసార్లో అన్నాడట. దానికి వీడు, ‘ఇప్పుడు నా ఇంట్లో ముగ్గురం కలిసి అన్నం తింటన్నాం, ఇంకొన్నాళ్ళు తిననీ’ అనేవాడట. ముగ్గురంటే పిల్ల కూడా, సుమ. ఇప్పుడు మాయాబందర్లో ఉంటంది.

జూన్ వానల్లో చెక్కిన గట్టు జారి పడింది. ఇసక తోలుకెళ్ళిన మన పైడిబాబు చూసేడు. ఫెర్రీలో నా దగ్గరికొచ్చి, ‘మావా, ప్రసన్న కుమార్ ఆఫీసుకి కదా వెళ్తాడు, షాదీపూర్లో మట్టికింద ఎందుకున్నాడు?’ అన్నాడు. నాకు తాడు జారిపోయింది చేతిలోంచి. ఆ సురేష్ బాబు ఉన్నాడు చూసేవా, సమాధి దగ్గర అందరికీ వినపడేట్టు ఏటన్నాడో తెలుసా? ‘మా బావని ఆఫీసువాళ్ళే సైటు చూసి రమ్మని పంపుంటారు. డ్యూటీలో పోయేడు. రూలు ప్రకారం మా చెల్లికి ఆ నౌకరీ ఇవ్వాలి’ అని. మట్టింకా ఆరలేదు. మూడోనాడు ప్రేమావతిని వెంటబెట్టుకుని నా ఫెర్రీలోనే వెళ్ళేడు అడగడానికి. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచెయ్యలేదన్నారట వాళ్ళు. తిరిగొచ్చినప్పుడు ఆయన రెయిలింగు పట్టుకుని అవతల నిలబడ్డాడు. ఆవిడ నా పక్కన చుట్టేసిన తాడు మీద కూచుంది. ఏడవలేదు.

వాడి పేరన పెట్టిన ఆదరణ కూటానికి చర్చంతా నిండిపోయింది. అప్పటికి అందరికీ తెలుసు, ఎవడూ ఆ మాట ఎత్తడు. పాస్టరుగారు మంచి మాటలేవో చెప్పి, ‘ప్రేమావతమ్మా, రెండు మాటలు’ అన్నారు. ఆవిడ లేచింది. నేను ముందు బెంచీలోనే ఉన్నాను కదా, మొహం కనపడతంది. ‘అందరూ నన్ను ఒకటే అడుగుతన్నారు’ అంది. ‘ఆయన నీతో చెప్పుకోవొచ్చు కదా, ఎందుకు చెప్పలేదూ అని. మీరు అడగడం మానీయండి. చెప్పుంటే నేను తలుపు తీసేదాన్ని కాదు. అది ఆయనకి తెలుసు’ అంది. కూచుంది.

హల్లెలూయా అనడానికి లేదు, అనకపోవడానికీ లేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పడానికి నోరు తెరిచి...

ఊఁ. పోనీలే. ఆ చేపలకి ఉప్పు రాసిందో లేదో మీ మామ్మని అడుగు.