అరవైకి ఒకటి తక్కువ

విజయనగరంలో తాలూకాఫీసు హెడ్ గుమాస్తా నరసింగరావు ఇంటి వీధరుగు. పి.యు.సి. మార్కులు వచ్చిన నెలకి ఒక ఉదయం. అరుగు మీద నరసింగరావు, కూతురు కన్యాకుమారిని వెంటబెట్టుకుని రాత్రే పల్లె నుంచి దిగిన బావమరిది నూకయ్య. గుమ్మంలో నరసింగరావు భార్య లక్ష్మణమ్మ.

“యాభై తొమ్మిది. యాభై తొమ్మిదంటే ఏమిటి నూకయ్యా?”

“అరవైకి ఒకటి తక్కువ బావా.”

“సెకండు క్లాసు! ఒకటి తక్కువట! ఒకటి తక్కువైనా పది తక్కువైనా పేపర్లో నంబరు పడేది ఒకే వరసలో. ఆ మార్కులు పట్టుకుని మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి బయల్దేరారు తండ్రీ కూతుళ్ళు! నవ్వుతారయ్యా.”

“రమ్మనీసి కార్డు ఆలే ఏసేరు గదా బావా.”

“వేస్తారు. సంతకి వచ్చిన పశువులన్నిట్నీ లోపలికి రానిస్తారు. రానిచ్చినవన్నీ కొంటారా?”

“ఆడపిల్లలకి ఏరే సీట్లున్నాయట. కాలేజీలో మేస్టారు సెప్పేరు.”

“ఏ మాస్టారు? ఆ బోటనీ ఆయనేనా? మొన్న మా ఆఫీసుకి అర్జీ పట్టుకొచ్చాడు. స్టాంపు ఎక్కడ అంటించాలో తెలీదు ఆయనకి. ఆయన చెప్పాడు, నువ్వు విన్నావు.”

“అన్నయ్యా, కాఫీ సల్లారిపోతంది, తాగు.”

“నువ్వు లోపలికెళ్ళు లక్ష్మణమ్మా. మేం మాట్లాడుకుంటున్నాం.”

“నాను ఇనకూడని మాటలేటండి?”

“ఉంటే ఉండు, నోరు మూసుకుని ఉండు. చూడు నూకయ్యా, మార్కులంటే మా అబ్బాయి బంగారురాజువి మార్కులు. డెబ్బై రెండు. ప్రిన్సిపాలు పిలిచి వీపు తట్టాడు. నీ పిల్లకి కెమిస్ట్రీలో ఎంత?”

“ఆ కెమిస్ట్రీలోనే బావా, జొరం మీద రాసినాది…”

“జ్వరం! తక్కువొచ్చిన ప్రతివాడికీ ఆ ముందురోజే జ్వరం వస్తుంది. అందుకని నేను చెప్పేదేమిటంటే, ఇంటర్వ్యూ మానిపించు. వచ్చే మార్చికి మళ్ళీ రాయించు. ఫస్టు క్లాసు తెచ్చుకోనీ, అప్పుడు మాట్లాడదాం.”

“పాసైపోయినోలు మళ్ళీ రాస్తారేటి బావా? మా ఊల్లో తప్పినోలు రాయడవే సూసేను.”

“మీ ఊళ్ళో! మీ ఊళ్ళో పి.యు.సి. పాసైంది ఎవరయ్యా, నీ కూతురు తప్ప?”

“అదే గదా బావా.”

“ఏమిటదే?”

“ఏటీ నేదు.”

“పెదవి విరవకు. నీ మంచికే చెబుతున్నాను. ఇవాళ వెళ్ళి నలుగురు డాక్టర్ల ముందు నోరు తెరవలేక తిరిగొస్తే ఎవరికి తలవంపులు? నరసింగరావుగారి బావమరిది కూతురంటారు. ఏడాది పోతే పోనీ. రెండేళ్ళు పోయినా నష్టం లేదు.”

“రెండేళ్ళేటి? ఒక్క మార్కుకి రెండేళ్ళేటి బావా?”

“మాటవరసకి అన్నాను.”

“మరి బంగారురాజు ఇంటర్వ్యూ కూడా ఇయాలే గదా? పదిగంటల బస్సుకి అందరం కలిసే ఎల్దుం. ఆడు పక్కనుంటే మా పిల్లకి దైర్యం.”

“వాడి సంగతి వేరు.”

“ఏరంటే?”

“వేరంటే వేరే. పై నుంచి వేరే ఉత్తరువు వస్తుంది వాడికి.”

“డెబ్బై రెండొచ్చినోడికి ఇంకా కార్డు రానేదా?”

“వస్తుందన్నాను కదా!”

“రాదు అన్నయ్యా.”

“నిన్నెవరైనా అడిగారా?”

“అడక్కపోతే సెప్పకూడదేటి? వచ్చిన కాగితం మీరు దాసుకుంటన్నారు. ఆడి దరకాస్తు ఎనక్కి కొట్టీసేరు అన్నయ్యా. ఆడికి పదిహేనేళ్ళేనట.”

“ఎవులికి? మన బంగారురాజుకా? మా పిల్లకంటే నాలుగు నెలలు పెద్దోడే సెల్లీ ఆడు!”

“మనకి పెద్దోడు. బడి రికార్డులో సిన్నోడు. పదిహేడు నిండితేగాని డాక్టరు సదువులో సేర్సుకోరట. ఇంకా రెండేళ్ళు కూకోవాల ఆడు. ఎందుకో అడుగు మీ బావని.”

“నన్నడగడం ఎందుకు? వాణ్ణి బళ్ళో వేసింది ఎవడు? ఈ నూకయ్య కాదూ? వయసు రాయించింది ఎవడు?”

“నానే బావా. మేనల్లుడిని మేనమామే తీసుకెల్లి బల్లో ఏయాల గదా, అది మన ఆనవాయితీ. అప్పుడు మీరు బదిలీల మీద తిరగతన్నారు, సెల్లి మా ఊల్లోనే ఉన్నాది. ఇద్దరినీ ఒక్కరోజే ఏసేను. పప్పు బెల్లాలు పంచేను. వయసు కాడికొచ్చీసరికి మీరు ఏటి సెప్పమన్నారో అదే సెప్పేను.”

“నేనేం చెప్పమన్నాను?”

“రెండేళ్ళు తగ్గించీమన్నారు. గవర్నమెంటు ఉద్యోగం వస్తే రిటైరయ్యేటప్పుడు రెండేళ్ళ జీతం ఎక్కువొస్తాది అన్నారు. మా పిల్లకి మాత్రం ఉన్నదే సెప్పేను. దానికీ తగ్గించనా అంటే, ఆడపిల్లకి సర్వీసేటి అనీసి ఒకటే నవ్వు మీరు.”

“సూడన్నయ్యా, బారసాలనాడే కొడుకు రిటైరుమెంటు లెక్క కట్టిన మనిషి మీ బావ. ఉద్యోగంలో సేరకముందే అడ్డం పడతాదని మాత్రం తెలీలేదు.”

“అందరూ తగ్గించారు! మా ఆఫీసులో తగ్గించనివాడు ఎవడే? మా తాసీల్దారుగారు కాగితాల్లో ఆయన తమ్ముడికంటే ఏడాది చిన్న! ఏమైంది? దర్జాగా కుర్చీలో ఉన్నాడు.”

“ఆయన డాక్టరు సదువుకి పోనేదు గదండి.”

“నోర్ముయ్యి!”

“బావా, కోపం తెచ్చుకోకండి. పోనీ, ఉన్న వయసు ఇదీ అనీసి ఒక అర్జీ ఎట్టుకుంటే?”

“అబద్ధం రాయించానని నా చేత్తో నేనే అర్జీ పెట్టుకోనా? హెడ్ గుమాస్తాని! రేపు ఆఫీసులో నా కుర్చీ ఎక్కడుంటుంది? ఇలాంటి సలహాలు పొలంలో కూలీలకి చెప్పుకో.”

“సరే బావా. మరి మా పిల్లని ఆపమన్నది… మార్కులు తక్కువనేనా?”

“అదీ ఉంది.”

“ఇంకోటేటి?”

“అర్థం కావట్లేదూ? వీళ్ళిద్దరికీ పెళ్ళని పుట్టినప్పుడే అనుకున్నాం. మొగుడు కాబోయేవాడు రెండేళ్ళు వెనకా, పెళ్ళాం కాబోయేది రెండేళ్ళు ముందూనా? వీడు మొదటేడులో కప్పని కోస్తుంటే అది మెడలో గొట్టం వేసుకుని వీడి ముందునుంచి తిరుగుతుందా? వీడు లేచి నిలబడి నమస్కారం పెట్టాలా? అదీ యాభై తొమ్మిది మార్కుల దానికి!”

“అబ్బో, ఇదా సంగతి. మీకు దండం ఎట్టేవోలు తగ్గిపోతారని బెంగ.”

“నువ్వుండవే! తేల్చి చెబుతున్నాను నూకయ్యా. ఈ ఏడు నీ కూతురు ఆ కాలేజీలో చేరిందా, ఈ ఇంటి కోడలు కాదు. ఆ మాట మనం అనుకోలేదనే అనుకో. ఆ డాక్టరమ్మకి మొగుణ్ణి మీ పల్లెలో అరకలు దున్నేవాళ్ళలో వెతుక్కో.”

“బావా, అంత మాటెందుకు…”

“అంతే.”

“అన్నయ్యా, నువ్వు మాటాడు.”

“ఏటి మాటాడను సెల్లీ? పుట్టినకాడి నుంచి నీ కోడలే అనుకున్నాం. ఊరంతా తెలుసు. ఇప్పుడు కాదంటే ఆ పిల్లకి ముఖం ఎలా సూపించను?”

“ఇంటర్వ్యూ పోతే ఎలా సూపిస్తావు? పొలంలో పని తప్పించి, ఊరు నవ్వినా ఊరుకుని, పట్నం పంపించి సదివించేవు. ఇందుకేటి?”

“బావా, ఒక్క మాట. ఈ ఏడు ఆపేస్తే… మళ్ళీ రాస్తే సీటు కాయమేనా?”

“రెండేళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వెళ్తారు. నేను దగ్గరుండి చేర్పిస్తాను. నరసింగరావు మాట అంటే మాటే.”

“ఈ రెండేళ్ళూ పాసైపోయిన పరీచ్చే మళ్ళీ మళ్ళీ రాయాలా అది?”

“రాస్తే అరిగిపోతుందా? ఇంట్లో ఖాళీగా కూర్చునేదానికి పనుంటుంది. వంట నేర్చుకోమను, మధ్యలో చదువుకోమను.”

“…సరే బావా. మీరు పెద్దోలు. మీకు ఎదురు సెప్పి ఎరగను.”

“ఇప్పటికి దారికొచ్చావు.”

“సెల్లీ, పిల్లని ఇలా పిలు. నానే సెప్తాను. ఏడిస్తే నువ్వు కాస్త పక్కనుండు.”

“పిలవను.”

“మీ అన్నయ్యే పిలవమంటున్నాడు కదే! ఇంకా నీకేం నొప్పి?”

“ఇంట్లో ఉంటే గదండి పిలవడానికి. మీరిద్దరూ నిద్ర లేవకముందే మొదటి బస్సెక్కించీసేను. బంగారురాజుని తోడిచ్చి పంపించేను. మీ నాన్న తిడతాడేమోరా అంటే మీ కొడుకు ఏటన్నాడో తెలుసా? ‘తిడితే తిట్టనీ అమ్మా, ఈ ఏడు కన్యాకుమారి కొనే పుస్తకాలే రెండేళ్ళు పోయాక నాకు పనికొస్తాయి’ అనీసి దాని పెట్టి నెత్తిన ఎట్టుకుని మరీ ఎల్లేడు.”